పదికి రెండే అన్న డిఫెన్స్ ఆటగాడు

2016. సౌదీలోని దమ్మామ్‌లో ఆయిల్ సర్వీస్ కంపెనీల మనుషులొచ్చే ఒక క్లినిక్‌లో నేను ఫిజియోథెరపిస్ట్‌ని. హైదరాబాద్ నుంచి వచ్చి ఏడాదైంది.

నేను మర్చిపోలేని పేషెంట్ ఒక అమెరికన్. వయసులో ఉన్నప్పుడు వాళ్ల దేశపు ఫుట్‌బాల్ ఆడి సంపాదించాడు. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆట అది. ఈయనది డిఫెన్స్, అంటే పరిగెత్తేవాణ్ణి గుద్ది పడేయడం. గల్ఫ్ యుద్ధం అయ్యాక ఇక్కడికొచ్చి సేఫ్టీ ట్రైనర్‌గా స్థిరపడిపోయాడు. మోకాలి నొప్పితో మా దగ్గరికొచ్చాడు. ఆయిల్ ట్యాంకుల నిచ్చెనలెక్కాలంటే ఫిట్ సర్టిఫికెట్ ఉండాలి. నేను ఓకే రాస్తేనే డాక్టర్ అది ఇస్తాడు. లేకపోతే ఫైనల్ ఎగ్జిట్. ఇక్కడి బతుకు సర్దుకుని వెళ్లిపోవడమే.

మేం ముందు పెయిన్ స్కోర్ అడుగుతాం, నొప్పి పదికి ఎంత అని.

"రెండు. మాఫీ ముష్కిల్," అనేవాడు, ఇబ్బందేం లేదన్నట్టు. నమ్మేశాను. మూడు వారాలు వ్యాయామంలో కాలికి కట్టే బరువులు పెంచుతూ పోయాను. నాలుగో వారం మోకాలు కొబ్బరికాయంత వాచింది. తప్పు నాదే.

ఆ రోజు ఆయన్ని అడిగి, మెట్లు దిగుతుంటే ఫోన్‌లో వీడియో తీశాను. స్లో మోషన్‌లో చూపించాను. పళ్లు బిగించి, రెయిలింగ్ మీద వేలాడుతూ దిగుతున్నాడు.

"ఇది రెండా?"

"డిలీట్ చెయ్ కుర్రాడా! నీ వయసుకన్నా ఎక్కువేళ్లు ఈ మోకాలితో బతికాను."

"మీరు పైనుంచి పడితే కింద పనిచేస్తుండేది మా కరీంనగర్ కూలీలు. ఓకే రాయను."

గుర్రుగా చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "మా టీమ్‌లో నొప్పి అన్నవాడి జాగాలో మర్నాడు ఇంకొకడు నిలబడేవాడు. ఎముక విరిగినా రెండే అనేవాళ్లం."

"ఇక్కడ మా కూలీలూ అందుకే రెండంటారు," అన్నాను.

మా మేనేజర్‌దీ హైదరాబాదే. కేబిన్‌లోకి పిలిచాడు. "అరె, ఆయన రెండంటుండు గదా, రెండే రాయరాదు? నీకెందుకీ పంచాయితీ? క్లయింట్ పోతడు!"

"పోనీ భాయ్. అంత ధైర్యముంటే నువ్వు సంతకం పెట్టు."

ఆయన పెన్ను జేబులోంచి తియ్యలేదు.

నేను అన్‌ఫిట్ అని రాశాను. అమెరికన్ నాకు షేక్‌హ్యాండ్ కూడా ఇవ్వకుండా దేశం వదిలి వెళ్లిపోయాడు. బాధేసింది. కానీ ఈ రోజు ఆయన మళ్లీ వచ్చినా అదే రాస్తాను.

ఇప్పుడు అంకె అడగడం మానేశాను. పేషెంట్ నేల మీద కూర్చుని లేచేదాకా పక్కనే నిలబడి చూస్తాను. బయట లైన్ పెరిగిందని మేనేజర్ అరుస్తాడు. అరవనీ. నొప్పి అంటే పని పోతుందని వణికే మనిషి చెప్పిన అంకెని నా చేత్తో రాయను.