దస్తార్ లేని మాట

యాకుత్‌పురాలో, స్టేషన్‌కు ఇవతలి గల్లీలో, ఇషాక్ యార్ ఖాన్ దేవిడీ, పాతకాలపు భవంతి, ఉండేది. వీధివైపు గోడకు ఏటా సున్నం పడేది. వెనుక గదుల కప్పు ఏటా కారేది. ఆయన జాగీరు మెదక్ వైపు ఒకే ఒక ఊరు. దాని శిస్తుతో పెరిగి, దానితోనే ముసలివాడవుతున్న మనిషి ఆ ఊరి ముఖం సరిగా చూసి ఎరగడు. జాగీర్దారు నిజాం కంటికి ఆనేంత దూరంలో పడి ఉండాలని తండ్రి నమ్మాడు. కొడుకు ఆ నమ్మకాన్ని కూడా వారసత్వంగా పుచ్చుకున్నాడు.

దర్బారులో ఆయనది చివరి వరుస, స్తంభం చాటు. అక్కడ చేయి నేలకు తాకేలా వంగి సలాం చేసేవాడు. అది ఆయనకు అవమానంగా తోచలేదు. ఆ వంపును భద్రంగా ఇంటికి తెచ్చి, తనకన్నా కిందివాళ్ల నడుములకు నేర్పాడు. దర్బారుకు దస్తార్ లేకుండా ఎవరూ పోరాదు. ముందే చుట్టి గట్టిగా కుట్టిన ఆ తలపాగా చూసి తన ఊరికీ ఒక నియమం పెట్టాడు. దస్తార్ ధరించి చెప్పినదే హుకుం, బోడి తలతో అన్నది ఉత్త మాట. ఉత్త మాటను అమలు చేసినందుకు ఊళ్లో జాగీరు వ్యవహారాలు చూసే పాత ముఖ్తారు కొలువు పోగొట్టుకున్నాడు. ఆ కొలువులోకి వచ్చినవాడు రామలింగయ్య.

1942లో, తొలకరి పడగానే, రామలింగయ్య జాగీరు భూమి దున్నడానికి వెట్టికి రమ్మన్నాడు. ఎల్లయ్య అనే రైతు ముందు తన చెలక దున్నుకుని వస్తానన్నాడు. ఆ మాటకే అతణ్ణి గాలి ఆడని ధాన్యపు కొట్టులో వేసి తాళం బిగించారు. లోపల జ్వరం పట్టుకుంది. తాళం తీయించగలిగినది జాగీర్దారు మాట ఒక్కటే కనుక, భార్య కొమురమ్మ పట్నం వచ్చింది.

దేవిడీ నౌకరు ఖాజా ఆమెను గుమ్మం దగ్గరే ఆపాడు. నిజాం పుట్టినరోజు సాల్‌గిరా దర్బారు దగ్గర పడిందని, దస్తార్ మళ్లీ కట్టించడానికి పత్తర్‌గట్టీ బజారుకు పోయిందని, అది వచ్చేదాకా సర్కార్ ఎవరికీ కనబడరని చెప్పాడు.

“నెత్తికి గట్టేటాయన ఆలిశ్యం జేస్తే నా మొగడు సావాల్నా, భాయ్?” అని అడిగింది కొమురమ్మ.

ఆమె ఏడుపు లోపలిదాకా వినబడుతుంటే జాగీర్దారు భార్య ఖైసర్ బేగం విసిగిపోయి, ఆమెను పిలిపించి, భోజనానికి కూర్చున్న భర్త ఎదుట నిలబెట్టింది.

“నెత్తి మీద బట్ట లేకుంటే మీకు నోరు గూడ రాదా?” అంది బేగం.

ఆయన ముద్ద మింగి, విడిచిపెట్టమన్నానని చెప్పుకొమ్మన్నాడు. తల ఎత్తలేదు.

కొమురమ్మ బస్సు పట్టుకుని ఊరికి చేరింది. రామలింగయ్య అంతా విని ఒక్కటే అడిగాడు.

“సర్కార్ నెత్తిన దస్తార్ ఉండెనా?”

నిజం చెబితే మేలు జరుగుతుందనుకుంది పిచ్చితల్లి.

“లేకుండె, బాపు. బువ్వ తింటుండె. గుండు గనబడ్డది.”

“గట్లయితే గది హుకుం గాదు. మల్ల పోయి అడిగి రా.”

ఆమె మళ్లీ పోయింది. దస్తార్ వచ్చింది, కాని దాన్ని ధరించినవాడు దర్బారుకు వెళ్లాడు. తర్వాత ముబారక్ చెప్పే చుట్టాలతో దేవిడీ నిండింది. చివరకు కొలువు గదిలో, తల మీద దస్తార్‌తో, ఆయన మొదటి మాటలనే అక్షరం మారకుండా పలికాడు. ఈసారి అది హుకుం. దానితో కొట్టు తాళం తెరుచుకుంది. లోపల ఎల్లయ్య శవం ఉంది.

ఎల్లయ్యను ఎవరూ ద్వేషించలేదు. దుర్మార్గంలో కనీసం ఒక సంకల్పం ఉంటుంది, దానితో తలపడవచ్చు. ఇక్కడ అదీ లేదు. ఒకడు నియమం పెట్టి మరిచాడు, ఇంకొకడు భయపడి పాటించాడు, నడుమ ఒక మనిషి కుళ్లిపోయాడు.

సంగతి చెప్పడానికి రామలింగయ్య స్వయంగా దేవిడీకి వచ్చాడు. కొమురమ్మ శవం దగ్గర ఊరందరికీ జరిగినదంతా చెప్పి ఏడ్చిందని కూడా చెప్పాడు. ఖైసర్ బేగం పరదా వెనుక నుంచి లేచి వెళ్లిపోయింది. ఇషాక్ యార్ ఖాన్ ముఖం మొదటిసారి పాలిపోయింది. గొంతు తగ్గించి అడిగాడు.

“నాది గుండని గూడ చెప్పిందా?”