నేను చూస్తే కుదరని ప్రయోగం

కొవిడ్ తర్వాత కాలేజీలు మళ్ళీ తెరిచిన ఏడాది నేను మార్కాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ విభాగాధిపతిని. ఫైనలియర్ ప్రాజెక్టులకు గైడుగా నా వంతుకు వచ్చిన విద్యార్థిని రూతు. దొనకొండ వైపు పల్లె, తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్ళు.

రూతు ప్రాజెక్టు కొల్లాయిడ్ల మీద. కొల్లాయిడ్ అంటే నీళ్ళలో కరగకుండా, అడుక్కి దిగకుండా తేలాడే సన్నటి రేణువులు. పాలలో కొవ్వు అలాంటిదే. ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్ రెండు చిన్న సీసాల్లో కంటికి కనపడని ప్లాస్టిక్ పూసలు పంపించారు. ఒకదానిలోవి చిన్నవి, ధనావేశం ఉన్నవి. రెండోదానిలోవి రెండింతలకు పైగా పెద్దవి, రుణావేశం ఉన్నవి. నీళ్ళలో కలిపితే ఒక్కో చిన్న పూస చుట్టూ నాలుగు పెద్ద పూసలు వాటంతట అవే అతుక్కుంటాయి. ఐదోదానికి చోటుండదు. మైక్రోస్కోపులో అచ్చం మీథేన్ అణువు బొమ్మే: నడుమ కార్బన్, చుట్టూ నాలుగు హైడ్రోజన్లు. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు ఇది చేసి చూపిస్తే ఆ ప్రొఫెసర్ ల్యాబులో రూతుకు వేసవి శిక్షణ. చూపలేకపోతే లేదు.

తిప్పలు ఎక్కడంటే, రూతు ఒక్కతే చేసినప్పుడు నాలుగేసి చక్కగా కుదిరేవి. సెల్‌ఫోన్‌లో ఫోటోలు తీసి చూపించేది. నేను పక్కన నిలబడిన రోజు మాత్రం అన్నీ కలిసి ముద్దలు. నేను పోని రోజు మళ్ళీ మామూలే. మీ చూపుకు పూసలు బెదురుతున్నాయేమో అని స్టాఫ్ రూంలో ఆటపట్టించారు. నాకు నవ్వు రాలేదు. ఫలితాలు నిజమేనని గైడుగా సంతకం పెట్టాల్సింది నేను. పిల్ల అబద్ధమాడే రకం కాదు. కళ్ళెదుట కనిపించేది ముద్ద. లైటు మార్చాం, స్లైడులు మార్చాం, ఎండ వేడిమేమోనని పొద్దున్నే చేసి చూశాం. బుర్ర పనిచేయడం మానేసింది.

ఫోటోలు నువ్వు తీసినవేనా అమ్మా అని అడిగాను.

"నేనే తీసినా సార్. మీరు లేనప్పుడు బాగనే వచ్చినయ్," అంది.

సంతకమైతే పెట్టాను గానీ మనసు కుదురుగా లేదు.

వైవా రోజు రూతు రెండు సీసాల్లోంచి తీసి కలిపింది. ముద్దలే వచ్చాయి. ఎగ్జామినర్ ఫోటోలు తిరగేసి, ఇవి ఎక్కడ డౌన్‌లోడ్ చేశావని తాపీగా అడిగారు. రూతు కళ్ళనిండా నీళ్ళు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

అంతలో మా అటెండర్ మస్తాన్ ఫిల్టర్ నీళ్ళ క్యాన్ వంచి ఎగ్జామినర్‌కు గ్లాసు నింపి ఇచ్చాడు. అదే చేత్తో, రూతు వాడగా సగానికి వచ్చిన వాష్ బాటిల్లోనూ పోశాడు. ప్రయోగాలకు డిస్టిల్డ్ వాటర్ ఉంచే ప్లాస్టిక్ సీసా అది.

"అదేంది మస్తాన్?" అన్నాను.

"పెద్దసార్లు ముట్టుకునేది కదా సార్, బ్యాటరీ నీళ్ళు పెడితే ఏం మర్యాద? పొద్దున గూడా ఇవే పోసినా. మీరొచ్చినప్పుడు గూడా అవి పారబోసి మంచినీళ్ళే పోస్తున్నా," అన్నాడు.

డిస్టిల్డ్ వాటర్ తయారుచేసే మా యంత్రం పాడై, బ్యాటరీల దుకాణం నుంచి తెప్పించేవాళ్ళం. రూతు తన మట్టుకు తాను అవే నింపుకునేది. ఇక మస్తాన్ సంగతి. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిన ఊళ్ళు మావి. వచ్చిన మనిషికి క్యాన్ నీళ్ళివ్వడమే ఇక్కడ గౌరవం. ఆ నీళ్ళలో రుచి కోసం ఉప్పులు ఉంచుతారు. ఉప్పులు పూసల ఆవేశాన్ని కప్పేస్తే, ఒకదాన్నొకటి నెట్టుకోవాల్సిన పూసలు కూడా అంటుకుపోతాయి.

"మామా, ఆ బ్యాటరీ నీళ్ళు తెచ్చియ్యి," అంది రూతు మస్తాన్‌తో.

సీసాల అడుగున పూసలు ఒక్క విడతకే మిగిలాయి. పిల్ల వాటిని ఆ నీళ్ళలో కలిపి స్లైడు పెట్టింది. ఎగ్జామినర్ మైక్రోస్కోపు మీదకు వంగి, "నాలుగు," అన్నారు. స్లైడు జరిపి, "ఇక్కడా నాలుగే," అన్నారు. డౌన్‌లోడ్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని రూతుకు నేరుగా చెప్పారు. ఆ వేసవి రూతు శిక్షణకు వెళ్ళింది.

ప్రయోగం తేడా చేసినప్పుడు రసాయనాలతో పాటు, చూసే మనిషి హోదాను కూడా లెక్కలోకి తీసుకోవాలి. రిటైరయ్యేదాకా, ప్రయోగం కుదరలేదని ఏ విద్యార్థి వచ్చినా నేను మొదట అడిగింది ఒకటే: నేను వస్తున్నానని ఏం మార్చారు?