వాళ్ల వంతు

మలేసియాలోని మా బాగన్ దాతుక్‌లో వయొలిన్ ఉన్నది మా మావయ్య దగ్గరే. పామాయిల్ మిల్లులో డ్యూటీ దిగి వచ్చి, భజనలోలా నేల మీద కూర్చుని, మూడొందల ఏళ్ల నాటి ఐరోపా సంగీతం, బరోక్ కన్‌చెర్టో ఒక్కటే వాయించేవాడు. అందులో ఒక వయొలిన్ ముందు పరుగెడుతుంది, వెనక ఇరవై మంది అందుకుంటారు. ఆ ఇరవై మంది ఆయనకెప్పుడూ దొరకలేదు. వాళ్ల వంతు రాగానే కమాను దించేసి, కాలి బొటనవేలితో నేల తడుతూ లెక్కపెట్టేవాడు. నేను మాట్లాడబోతే, "ఉండమ్మీ, ఆళ్లు వాయిస్తన్నారు" అనేవాడు.

పోయిన నెల చూడ్డానికి వెళ్లాను. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయింది. వయొలిన్ ఒళ్లోనే ఉంది, కాలి బొటనవేలు కదులుతోంది.

"ఏటి మావయ్యా, వాయించవా?" అన్నాను.

"ఆళ్ల వంతు ఇంకా అవనేదమ్మీ" అన్నాడు.

నేనొచ్చి అప్పటికి గంటైంది.