ఇరవై నాలుగు దాటితే

మా డ్రైవరు పూనం సన్న గురించి చెప్పాలంటే ముందు మా ఆయన సుందరరావుగారి మొండితనం గురించి చెప్పాలి. మాది బస్తర్ కొసనున్న కొంటాలో ఇనుప సామాన్ల దుకాణం. పిల్లల చదువుల కోసం కాపురం జగదల్‌పూర్‌కి మార్చాం. చదువులైపోయాయి, మేం మాత్రం అక్కడే ఉండిపోయాం. పదిహేను రోజులకోసారి శనివారం పొద్దున్నే బయల్దేరి తోంగ్‌పాల్, సుక్మా మీదుగా కొంటా వెళ్తాం. దుకాణం చూసుకుని సోమవారం తిరిగొస్తాం.

రెండేళ్ళ కిందట ఆయన పాత డీజిల్ బండి అమ్మేసి హైబ్రిడ్ కారు కొన్నారు. పెట్రోలూ బ్యాటరీ కలిసి నడిపే రకం. లీటరుకి ఇరవై ఆరు కిలోమీటర్లు వస్తుందని ఎవరో చెప్పారట. మొదటి నెల పదహారు వచ్చింది. తక్కువైన ఆ పది కిలోమీటర్లూ ఎవరో ఆయన జేబులోంచి కొట్టేసినట్టు ఇల్లంతా ఎగిరారు. కారులో ఏ లోపమూ లేదని షోరూం వాళ్ళు తేల్చేశారు. ఇక తిట్లు తినడానికి మిగిలింది సన్న.

సన్నకి నలభై దాటాయి. నెమ్మదస్తుడు. నవ్వితే మీసం ఒక పక్కకి ఒరుగుతుంది. ఊరు పామేడు దగ్గర. భార్య పేరు కోసే, అక్కడే ఉంటుంది. ఆమె ఊరి మితానిన్, అంటే మందుల సంచీ భుజాన వేసుకుని గర్భిణుల ఇళ్ళకీ, జ్వరాలొచ్చిన ఇళ్ళకీ తిరిగే మనిషి. ఆమె వచ్చేస్తే ఆ ఊళ్ళో జ్వరం గోళీ ఇచ్చే దిక్కు లేదు. ఇతను వెళ్ళిపోతే అక్కడ నడపడానికి బండి లేదు. అలా తొమ్మిదేళ్ళుగా ఒకరిక్కడ, ఒకరక్కడ. పండగలకు మూణ్ణాలుగు రోజుల సెలవు, అంతే. కొంటా నుంచి నూట నలభై కిలోమీటర్లే గానీ, భద్రాచలంలో ఒక బస్సు, చర్లలో ఇంకో బండి మారి చేరేసరికి మాకున్న ఆదివారం కాస్తా అయిపోతుంది.

ఒకరోజు మా ఆయన వేళాకోళంగానే అన్నారు. "సన్నా, నెల సగటు ఇరవై నాలుగు దాటియ్యి చూద్దాం. దాటితే నెలాఖరు ఆదివారం కారు నీది. పెట్రోల్ గూడ నాదే. మీ ఊరికి పోయిరా."

దాటదన్న ధీమాతోనే అన్నారు. సన్న మాత్రం నవ్వలేదు.

"మాటేనా సేట్?" అన్నాడు.

"మాటంటే మాటే."

ఆ రోజు నుంచి ఆ మనిషికి వేరే ధ్యాస లేదు. మామూలుగా రోడ్డు మీద ఉండే చూపు, వీలు దొరికినప్పుడల్లా స్టీరింగు పక్కనున్న చిన్న తెర మీదికి పోయేది. అందులో బ్యాటరీ ఎంత నిండిందో గీతల్లో కనిపిస్తుంది. ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపినా రెండో నెల పద్దెనిమిది దాటలేదు. తప్పెక్కడుందో దర్భా ఘాటీ అనే కొండదారిలో బయటపడింది. బస్తర్‌లో జీపులు తోలినవాళ్ళందరిదీ ఒకటే అలవాటు. ఘాటీ దిగేటప్పుడు న్యూట్రల్‌లో పడేసి బండిని వాలుకి వదిలేస్తారు. డీజిల్ మిగులుతుందని వాళ్ళ నమ్మకం. సన్న ఇరవై ఏళ్ళుగా చేస్తున్నదదే. ఆ రోజు మలుపులో ఆవుల మంద అడ్డం రావడంతో గేరు తీయడం మరిచిపోయి, బ్రేకు మీద మెల్లగా కాలు ఆనించి కిందిదాకా దిగాడు. దిగేసరికి తెర మీద గీతలన్నీ నిండి ఉన్నాయి. మామూలు కారులో బ్రేకు వేస్తే వృథాగా పోయే వేగం ఈ కారులో బ్యాటరీకి చేరుతుందట. న్యూట్రల్‌లో పెడితే ఏమీ చేరదు. అంటే ఇన్నాళ్ళూ పొదుపనుకుని చేసిందంతా నష్టమే. సన్న కారు పక్కకి ఆపి నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, రెండు నెలలు ఊకెనే పోయినయ్!" అన్నాడు. పెట్రోలు పోయిందని కాదు అతని బాధ, రెండు ఆదివారాలు పోయాయని.

తరవాత చూడాలి అతని డ్రైవింగు. తోంగ్‌పాల్ సంతలో జనం అల్లంత దూరాన కనబడగానే కాలు తీసేసేవాడు. కారు దానంతటదే నెమ్మదించి, ఇంజను ఆగి, చప్పుడు లేకుండా సంత దాటేది. ఎక్కుడు రాకముందే కాస్త వేగం అందుకునేవాడు. ప్రతి సోమవారం టైర్లలో గాలి చూపించేవాడు. డిక్కీలో మా ఆయన మరిచిపోయిన మేకుల పెట్టెలు దింపించాడు. నన్నూ వదల్లేదు. "ఏసీ జర తగ్గియ్యనా అమ్మా?" అని అద్దంలోంచి అడిగేవాడు. ఆ మొహం చూసి కాదనలేక నేను పమిటతో విసురుకుంటూ కూర్చునేదాన్ని. మా ఆయన గుర్రు పెట్టగానే ఏసీ పూర్తిగా ఆపించిన రోజులూ ఉన్నాయి. పక్కవాడి కాపురం కోసం చెమటలు కక్కిన మనిషిని నేనొక్కదాన్నేనేమో.

నాలుగో నెల ఇరవై నాలుగున్నర వచ్చింది. మా ఆయన మీటరు వంక మూడుసార్లు చూసి, తాళం చెవి సన్న చేతిలో పెట్టారు. తరవాత దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ ఆ అంకె తనే సాధించినట్టు చెప్పుకున్నారు.

నెలాఖరు శనివారం కొంటాలో ట్యాంకు నింపించి మీటరుని సున్నా చేసే అలవాటు ఆయనది. దానివల్ల సన్న చేసే పామేడు ప్రయాణం కొత్త నెల లెక్కలో పడేది. అందుకని అక్కడికీ నెమ్మదిగానే వెళ్ళాలి. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే తొమ్మిదికి చేరేవాడు. సాయంత్రం అయిదుకల్లా కారు దుకాణం ముందుండాలి, అంటే పన్నెండింటికి లేవాల్సిందే. నెలంతా కాలు బిగబట్టి నడిపితే దక్కేది మూడు గంటలు.

"జోరుగా పోరాదయ్యా, ఇంకో రెండు గంటలు ఉండొచ్చు గదా?" అన్నాను ఒకసారి.

"జోరుగ పోతే వచ్చే నెల పోతదమ్మా," అన్నాడు.

అలా నడిచింది ఏడాది. ఈ ఏప్రిల్‌లో వెళ్ళినప్పుడు మాత్రం అయిదు కొట్టాక కారు దుమ్ముతో వచ్చి దుకాణం ముందు ఆగింది. మీటరు మీద పదిహేను. మా ఆయన కళ్ళజోడు సర్దుకుని నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు జగదల్‌పూర్‌లో ఆయన కారు దిగి లోపలికి వెళ్ళాక నిలదీశాను. "ఏందయ్యా ఇది, ఏం పుట్టింది నీకు?"

అద్దం తుడుస్తూ చెప్పాడు. పన్నెండింటికి అన్నం తిని చేతులు కడుక్కుంటుంటే కోసే, "ఇయ్యాల జర ఉండరాదు?" అందట. తొమ్మిదేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. ఎప్పుడూ తనే సంచీ అందించి, పొద్దు పోతుంది బయల్దేరమని తొందరపెట్టే మనిషి.

"ఎందుకన్నదో అడగలేదమ్మా. అడిగితే మల్ల పొమ్మంటదని."

ఆ రెండు గంటలూ ఏం చేశారని అడిగాను. నాకెందుకు చెప్పండి, అయినా అడిగాను. ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వాగు దాకా తీసుకెళ్ళాడట. బ్యాటరీ మీద చప్పుడు లేకుండా పోతుంటే, "గాడీ బందైందా ఏంది?" అని భయపడి తలుపు పట్టుకుందట. తరవాత నీడలో కూర్చుని ఇద్దరూ ఇప్పపువ్వులో చెత్త ఏరారట. మధ్యలో తనకి కునుకు పట్టిందట. లేపలేదట ఆమె.

"నిద్రపోయినా అమ్మా," అన్నాడు, దొంగతనం ఒప్పుకున్నట్టు. "గంటసేపు. లేచేసరికి నా కాళ్ళ కాడ కూసొని ఏరుతనే ఉంది."

రెండింటికి బయల్దేరి, మట్టిరోడ్డు దాటాక తొంభై మీద తోలుకొచ్చాడు. ఆ అంకె నెలంతా మమ్మల్ని వెంటాడింది. నేను మే ఎండల్లో ఏసీ ముట్టలేదు. ఊరగాయ జాడీలు కొంటాకి బస్సులో పంపాను. సన్న ఘాటీలో ఎంత మెల్లగా దిగాడంటే సైకిలువాడు మమ్మల్ని దాటిపోయాడు. పదిహేను కాస్తా ఇరవై అయింది, ఇరవై రెండయింది. నెలాఖరు శనివారం కొంటాలో బండి ఆగేసరికి ఇరవై మూడూ పాయింటు ఆరు.

"కాలే," అన్నారు మా ఆయన, తాళం చెవి జేబులో వేసుకుంటూ.

"పాయింటు నాలుగుకు ఏందండీ మీ పట్టు? పాపం, ఆమె అక్కడ ఎదురుచూస్తుంటది."

"మాటంటే మాటే అనుకున్నం గదా ఇద్దరం. అడుగు వాన్నే."

సన్న తల వంచుకుని, "సేట్ చెప్పింది నిజమే అమ్మా," అన్నాడు. రాత్రంతా ఆ ఇద్దరు మగాళ్ళనీ కలిపి తిట్టుకున్నాను. పొద్దున్నే తాళం చెవి ఆయన చొక్కాలోంచి తీసుకెళ్ళి సన్నకిస్తే, రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. కోసేకి కబురు చెప్పడానికి శనివారం నుంచీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ లేదు, గుట్ట ఎక్కి ఆమే చేయాలి.

పది దాటాక చేసింది. అతని ఫోనుకి స్పీకరు పెడితేనే మాట వినబడుతుంది. దుకాణం అరుగు మీద కూర్చున్న నాకు అంతా వినిపించింది.

"పొద్దుగాల నుంచి రోడ్డు కాడ నిలబడ్డ. ఎంత దూరంల ఉన్నవ్?"

"కొంటాలనే ఉన్న."

"గాడీ ఇయ్యలేదా?"

"మీటరు రాలే. మొన్న జోరుగ వచ్చిన గదా, దానికి."

"నేను ఉండమన్న దానికా?"

సన్న ఫోను రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఆడనే చెప్పొద్దా? చెప్తే అప్పుడే పొమ్మందును గదా!"

"తెల్సు. అందుకే చెప్పలే."

"వచ్చే నెల మంచిగ నడుపు. వచ్చినప్పుడు నేను ఉండమన్న గూడ నువ్వు ఉండకు. పన్నెండింటికి బయల్దేరు."

"బయల్దేరుత," అన్నాడు సన్న. "నువ్వు అడుగుడు మాత్రం మానకు."

సిగ్నల్ పోయిందో, ఆమే పెట్టేసిందో తెలియదు. సన్న ఫోను జేబులో వేసుకుని, బకెట్టు తీసుకుని, ఎక్కడికీ పోని కారుని కడగడానికి వెళ్ళాడు. లోపల మా ఆయన ఎవరితోనో బేరమాడుతున్నారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా రోజూ ఒకే కప్పు కింద ఉన్నాం. కాసేపు ఉండమని ఆయన నన్ను గానీ, నేను ఆయన్ని గానీ ఎప్పుడు అడిగామో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.