తలకిందుల 'జ'

ఆ రోజుల్లో జనగామ బజారులో నాకంటే గట్టిగా బేరమాడేవాడు లేడు. ఆ ధీమాతోనే కంప్యూటర్‌తో కూడా బేరమాడి పన్నెండు కార్డులు మిగిల్చాను. అంత తెలివైన తప్పు మళ్లీ నావల్ల కాలేదు.

ఎనభైల మొదట్లో వరంగల్‌లో పరిశోధన చేసేవాణ్ణి. కెమెరా వెలుగు ఎంత పడిందో చెబుతుంది గానీ, ఆ వెలుగు అల ఏ దశలో వచ్చిందో చెప్పదు. పోయిన ఆ దశను లెక్కలతో రాబట్టడమే నా పని. ముందు నోటికొచ్చిన ఊహ ఒకటి పడేయడం, కొలతతో సరిచూడడం, బొమ్మ ఉండాల్సిన చట్రంలోకి కుదించడం, మళ్లీ మొదలుపెట్టడం. (మా కిరాణా కొట్టులో దీన్నే బేరం అంటారు.) కంప్యూటర్‌కు ఏం చెప్పాలన్నా కార్డుల మీద చిల్లులు గుద్ది ఇవ్వాల్సిన కాలం అది. పరీక్ష కోసం అట్టలో కోసిన 'జ' అక్షరం పెట్టాను, ఊరి మీద ప్రేమతో.

"చట్రం ఒక మూల కొయ్యి తమ్మీ. నాలుగు మూలలు ఒక్కతీరుగుంటే బొమ్మ నిలువుగుందో తలకిందులుందో లెక్కకు తెల్వది" అన్నాడు నాకంటే ముందు అదే ల్యాబులో చేరిన అన్న.

"మూల కోస్తే ఇంకో పన్నెండు కార్డులు గుద్దాలె. వద్దన్నా."

రెండు నెలలు గడిచాయి. చుక్కలతో అచ్చయి వచ్చిన కాగితాల్లో నాకు ఒకసారి కుండ, ఒకసారి మేక కనిపించాయి గానీ 'జ' కనిపించలేదు. సోమవారంలోగా అక్షరం చూపకపోతే ఈ పని ఇంకొకరికి ఇస్తానన్నారు మా ప్రొఫెసరు. ఆదివారం ఇంటికి వచ్చి, ఆ పొడుగు కాగితాన్ని నాన్న కొట్టులోని బల్ల మీద పరిచాను.

"ఇగ నేను గీ కొట్లనే కూసుంట బాపు."

బల్లకు అవతల పప్పు తూస్తున్న బాపు తలెత్తాడు. "ఎందుకురా? 'జ' మంచిగనే వచ్చింది గదా!"

"ఏడుంది?"

"గిదేంది మరి? గిరాకులు సామాన్ల చిట్టీ ఎన్నడన్న నా దిక్కు తిప్పి పెట్టిన్రా? ముప్పై ఏండ్ల సంది తలకిందులనే సదువుతున్న. ఇయ్యాల నువ్వొక్కనివే నా దిక్కు సక్కగ పెట్టినవ్."

నేను బల్ల చుట్టూ తిరిగి బాపు పక్కకు వెళ్లాను. నిజమే, మెలికతో సహా 'జ'. రెండు నెలలుగా కాగితానికి ఒకే పక్కన నిలబడ్డాను.

ఇప్పుడు నిజాయితీగా లెక్క కడితే, మిగిలింది పన్నెండు కార్డులు, పోయింది రెండు నెలలు. నా సిద్ధాంత గ్రంథం మొదట్లో ప్రొఫెసరుకూ, అన్నకూ, చివరికి కార్డులు గుద్దే యంత్రానికీ కృతజ్ఞతలు చెప్పుకున్నాను. బాపు పేరు రాయలేదు. అదొక్కటే బాకీ.