మొదటి కుర్చీలో కట్టుడుపళ్ళు

గొట్టాలాయన అంటే ఊళ్ళో ఎవరైనా ఇల్లు చూపిస్తారు. పగలు ఇళ్ళలో నీళ్ళగొట్టాలు బాగుచేస్తాడు, సాయంత్రాలు బ్యాండులో అన్నిటికంటే పెద్ద బూర, ట్యూబా ఊదుతాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఇదే వరస. అందులో పందొమ్మిదేళ్ళు రెండో కుర్చీలోనే గడిచాయి, ట్యూబాల్లో పెద్దపీట అయిన మొదటి కుర్చీలో ఉన్న పెద్దాయన లేవలేదు మరి. సంగీతం తెలిసినవాళ్ళకు పదవీవ్యామోహం ఉండదని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఏ బ్యాండులోనైనా ఒక్క ఏడాది కూర్చుని చూడాలి.

ఆ బ్యాండులో రాతలో లేని కట్టుబాటు ఒకటుంది. బూర ఊదేవాడికి పెదవులెంతో ముందుపళ్ళూ అంతే. అవి పోయి కట్టుడుపళ్ళు పెట్టించుకున్నవాడు నోరు కుదురుకునేదాకా మూడు నెలలు బూర ముట్టకూడదు. ఈలోగా పక్కవాడు జరిగి అతని కుర్చీలో కూర్చుంటాడు. అలా జరిగినవాడు మళ్ళీ వెనక్కి జరిగిన దాఖలా మాత్రం లేదు. పెద్దాయన దిగిపోయింది ఆ దారినే.

గొట్టాలాయనకు పైవరుసలో నాలుగు ముందుపళ్ళు పోయి మూడు వారాలైంది. ఎవరింట్లోనో బిగుసుకుపోయిన నట్టు తిప్పుతుంటే పానా జారి మూతికి తగిలింది. డాక్టరు కట్టుడుపళ్ళు పెట్టి, అంటించుకోవడానికి జిగురిచ్చాడు. చెప్పుకోలేని చోట దెబ్బ తగిలినవాడిలా ఆయన ఎవరికీ చెప్పలేదు. బ్యాండును నడిపించేది సొంత కోడలే, ఒకే ఇంట్లో ఉంటుంది. ఆమెకు అసలే చెప్పలేదు.

కచేరీ ఆదివారం మధ్యాహ్నం, పాత చర్చిలో. మూడు వందల ఏళ్ళనాటి రాతికట్టడం. లోపల ఒక్కసారి చప్పట్లు కొడితే ఆ చప్పుడు ఆరు లెక్కపెట్టేదాకా గోడల మధ్య తిరుగుతూనే ఉంటుంది. స్వరం తప్పితే చాటింపు వేసినట్టే. మొదటి పాట ఎత్తుకోవాల్సింది ఒక్క ట్యూబాయే. ఒకే స్వరం, బాగా కింద, మెత్తగా, పదహారు లెక్కలు. మిగతా ఇరవై మందీ ఒకరి తరవాత ఒకరు దాని మీదే నిలబడాలి. ఆ స్వరం మొదటి కుర్చీ సొత్తు.

వెనకగదిలో జిగురు కొత్తగా రాసుకుని ఊదిచూస్తే బాగానే పలికింది. అందరూ వెళ్ళి వేదిక మీద కూర్చున్నాక చర్చి పెద్ద లేచాడు. రెండు మాటలు చెబుతానన్నాడు. మూడు వందల ఏళ్ళ చరిత్రను ఒక్క ఏడూ వదలకుండా అందుకున్నాడు.

పావుగంట గడిచేసరికి గొట్టాలాయన నోరు ఎండిపోయింది. ఆ జిగురుకు తడి ఉంటేనే పట్టు. నాలుకతో తడిమితే పైవరుస కదిలింది.

"ఏంటన్నా నములుతున్నావు?" పక్కనుంచి పోస్టుమన్ గుసగుసలాడాడు. రెండో కుర్చీలో అతనికిది పదకొండో ఏడు.

"ఏం లేదు."

"బిళ్ళేదన్నా ఉంటే నాకూ ఒకటి పడెయ్యి. ఈయన ముగించేలోపు మనకి పింఛనొచ్చేస్తుంది."

నవ్వు వచ్చినా నవ్వలేదు. నవ్వితే పైవరుస కిందికొస్తుంది. బూర ఎత్తి, ఊదకుండా, పెదవులు ఆనించి నొక్కి చూశాడు. పళ్ళు ఒక పక్కకి ఒరిగాయి. ఇక అవి నిలవవు. ఇంత బతుకూ బతికి, నాలుగొందల మంది ముందు పళ్ళు బూరలో రాల్చుకోవడమా? కక్కలేక మింగలేక కూర్చున్నాడు.

చర్చి పెద్ద దిగాడు. చప్పట్ల మధ్య కోడలు వచ్చి నిలబడింది. చప్పట్లు ఆగాక చప్పుడు అణగడానికి ఆరు లెక్కలు. ఉన్న వ్యవధి అంతే.

"నావి కట్టుడుపళ్ళు. ఊడుతున్నాయి. నువ్వు ఎత్తుకో," అన్నాడు గొట్టాలాయన పోస్టుమన్ చెవిలో.

"ఎగతాళా?"

"ఒట్టు."

పోస్టుమన్ ముఖం పాలిపోయింది. పదకొండేళ్ళుగా కోరుకున్నది ఒళ్ళో పడితే ఎవరికైనా అంతే. "నేనెప్పుడూ ఒక్కణ్ణే ఊదలేదన్నా."

"నేరుగా స్వరం మీద దిగు. ఆమె చెయ్యి చూడు. ఇక్కడ చెవిని నమ్మకు."

కోడలు చెయ్యి పైకెత్తి మావగారి వైపు చూసింది. ఆయన బూర ఒళ్ళోకి దించి, మోకాలి మీంచి ఒక్క వేలు పక్కవాడి వైపు చూపించాడు. కోడలి చెయ్యి గాల్లోనే ఆగింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. తరవాత పోస్టుమన్ వైపు తిరిగి చెయ్యి దించింది.

ముందు వట్టి గాలి వచ్చింది. ఆ వెనక వణుకుతూ స్వరం వచ్చింది, మూడో లెక్కకు కుదురుకుంది. గొట్టాలాయన తేలిగ్గా ఊపిరి తీసుకోబోతూ పక్కవాడి భుజం చూశాడు. తొమ్మిదో లెక్కకే అది పైకి లేస్తోంది. బెదురులో అతను తక్కువ గాలి పీల్చుకున్నాడు, పదహారు దాకా రాదు. మధ్యలో తెగితే పైన ఎక్కుతున్నవాళ్ళంతా కుప్పకూలుతారు.

పళ్ళు రుమాల్లోకి లాగేసి, బోసిచిగుళ్ళ మీదే పెదవులు బిగించి బూర అందుకున్నాడు. రెండే రెండు లెక్కలు. సగం స్వరం, సగం గాలి. పాత స్వరాన్ని గోడలింకా మోస్తున్నాయి గనక అతుకు తెలియలేదు. ఆ రెండు లెక్కల్లో పోస్టుమన్ ఊపిరి తీసుకుని మళ్ళీ పట్టుకున్నాడు.

విరామంలో కోడలు వెనకగదిలోకి వచ్చి తలుపు మూసింది.

"నోరు తెరవండి మావయ్యా."

తెరిచాడు.

"రొట్టె అంచులు కోసి పక్కన పెడుతుంటేనే అనుమానమొచ్చింది."

"అనుమానముంటే అడగచ్చుగా? ఆ స్వరం నాకెందుకిచ్చావు?"

"అడిగితే అబద్ధం చెబుతారు. మీరే చెప్పాలని చూశాను. ఇరవై మంది పరువు పందెం కాశారు మీరు."

"నువ్వూ కాశావు."

ఆమె చేతిలోని కాగితాలు సర్దింది.

"మూడు నెలలు," అని తలుపు తీసింది. "ఇప్పట్నుంచే."

గొట్టాలాయన తన స్వరాల కాగితాలు తెచ్చుకుందామని వేదిక దగ్గరికి వెళ్ళాడు. విరామం ఇంకా ఐదు నిమిషాలుంది. పోస్టుమన్ అప్పటికే మొదటి కుర్చీలోకి జరిగి కూర్చుని ఉన్నాడు. ఈయన్ని చూసి కాళ్ళు సర్దుకున్నాడు గాని లేవలేదు.

"పెద్ద డ్రమ్ముకి పళ్ళక్కర్లేదన్నా," అన్నాడు నేల చూస్తూ.

"ముందు ఊపిరి నిండా తీసుకోవడం నేర్చుకో," అని కాగితాలు అతని ముందే వదిలేసి, గొట్టాలాయన జనంలోకి దిగి ఖాళీ బెంచీ వెతుక్కున్నాడు.