మూడో మాల

మా బావ పళ్ల సెట్లు చేస్తాడు. డాక్టర్లు పంపిన చిగుళ్ల అచ్చుల మీద మైనం పేర్చి, ఒక్కో పన్నూ అతికించి, అరగదీసి, మెరుగుపెట్టి ఇస్తాడు. ఊళ్లో సగంమంది పెద్దవాళ్లు అతని చేతి పళ్లతోనే నములుతున్నారు. పనిలో అతనికి వంక పెట్టేవాళ్లు లేరు. ఇంట్లో వంక పెట్టే హక్కున్నవాణ్ని నేనొక్కణ్నే, అతని భార్యకు తమ్ముణ్ని కాబట్టి. ఆ హక్కును ధారాళంగానే వాడుకున్నాను, అసలు వాడాల్సిన చోట తప్ప.

యాభై దాటాక బావకు కాలం మీద దిగులు పట్టుకుంది. తనకన్నా చిన్నవాళ్లు పోతున్నారు. వాళ్ల కోసం చేసిన సెట్లు, తీసుకెళ్లేవాళ్లు లేక, బల్ల మీద అలాగే ఉండిపోతున్నాయి. ఎవరో చెబితే ఒక గురువును వెతుక్కుని వెళ్లి కాళీమంత్రం ఉపదేశం తీసుకున్నాడు. కాలాన్ని మింగే తల్లి నోరు తెరిచి ఎదురుగా నిలబడిందనుకోవాలి. పూసకొక క్షణం చొప్పున ఆ నోటికి అందిస్తూ పోవాలి. అలా అందించగా అందించగా కాలమంటే భయం పోతుందట. రోజుకు ఐదు మాలలు. "అమ్మవారు నోరు తెరవగానే దవడ కొలతలు తీసుకుంటున్నావా బావా" అని నేనంటే నవ్వేవాడు కాదు.

పొద్దున ఆరింటికి లోపలిగదిలో కూర్చుని గడియ పెట్టుకున్నాడంటే ఏడింటిదాకా ఇల్లంతా ఊపిరి బిగబట్టాల్సిందే. విజిల్ వస్తుందని అక్క కుక్కర్ కూడా పెట్టేది కాదు. కూర్చున్నాక తనకు కాలమే తెలియదని బావ వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. వాళ్లు చేతులు జోడిస్తే, నాకెందుకండీ అంటూనే ఆ దండాలన్నీ పుచ్చుకునేవాడు. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. కానీ బయట నలుగురిలో ఆయన మా బావ అని చెప్పుకునేటప్పుడు నేనూ రెండంగుళాలు పెరిగేవాణ్ని.

ఈ ఏడాది నలభై రోజుల దీక్ష పట్టాడు. జపం మధ్యలో లేస్తే దీక్ష చెడినట్టే, మళ్లీ మొదటిరోజు నుంచి మొదలుపెట్టాలి. ముప్పై ఏడో రోజున ఏడింటికి తలుపు తీస్తే, గుమ్మం పక్కన గోడకు ఒరిగి అక్క పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. మూతి ఒక పక్కకు లాగేసింది, కుడిచెయ్యి లేవడం లేదు, మాట రావడం లేదు.

నేను ఆసుపత్రికి చేరేసరికి ఎనిమిది కావస్తోంది. వెంట వచ్చిన పక్కింటావిడకు బావ చెబుతున్నాడు, జపంలో ఉండిపోయాను, నాకేమీ తెలియలేదని. ఆవిడ కళ్లు ఒత్తుకుంటూ, అంత ఏకాగ్రత ఎంతమందికి కుదురుతుందంది. ఆ మాటకు నేనూ తలాడించాను.

అంతలో డాక్టరమ్మ వచ్చింది. మెదడులో రక్తం గడ్డ కట్టింది, దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది, మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, దాటితే ప్రాణానికే ముప్పు అంది. ఎప్పుడు మొదలైందని అడిగింది. బావ పక్కకు చూశాడు. పోనీ, ఆవిడ బాగా ఉండగా ఆఖరుసారి చూసిందెప్పుడంది. రాత్రి పదింటికి పడుకునేముందని బావ చెప్పాడు. తను లేచేటప్పటికి అక్క నిద్రలోనే ఉందట. అలాగైతే పదింటి నుంచే లెక్క వేసుకోవాలని, ఇంజెక్షన్ ఇవ్వడానికి లేదని ఆవిడ చెప్పి వెనక్కి తిరిగింది.

బావ నేలచూపులు చూస్తున్నాడు. చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయింది.

"ఆరూ ఇరవై నాలుగు," అన్నాడు.

ఆవిడ ఆగింది.

"తలుపు కొట్టింది. ఏమండీ, కళ్లు తిరుగుతున్నాయి, ఒకసారి రండి అంది. మాట బాగానే ఉంది. రెండోసారి పిలిచినప్పుడు ముద్దగా వచ్చింది."

టైమ్ అంత కచ్చితంగా ఎలా చెబుతున్నారని ఆవిడ అడిగింది.

"ఆరింటికి కూర్చుంటాను. మాలకు పన్నెండు నిమిషాలు. రెండు అయిపోయి మూడోది అప్పుడే పట్టుకున్నాను. ఇంకో మూడు రోజులైతే దీక్ష పూర్తవుతుంది. లేస్తే అంతా పోతుందని లేవలేదు."

పక్కింటావిడ అతని పక్కనుంచి లేచి, దూరంగా ఉన్న బెంచీ మీద కూర్చుంది. డాక్టరమ్మ లోపలికి పరిగెత్తింది. నాకు బావ చెంప పగలగొట్టాలనిపించింది. ఇప్పుడైనా నోరు విప్పకపోతే అక్కకు ఆ ఇంజెక్షన్ అందేదే కాదనీ తెలుసు. రెండింటి మధ్యా చెయ్యి లేవలేదు.

కాసేపటికి బావ తనే గొణిగాడు. అక్క పిలిచిన సమయానికి తన కళ్ల ముందు అమ్మవారు కూడా లేదట. ఎవరో రిటైరైన హెడ్మాస్టరు కింది సెట్టు వదులైందని, దాన్ని ఎక్కడ అరగదీయాలా అని ఆలోచిస్తున్నాడట. పూసలు మాత్రం వేళ్లు తిప్పుతున్నాయి. నేను తిట్టడానికి నోరు తెరిచి మూసేశాను. అంతకు వారం ముందు, పొద్దున్నే తల తిరుగుతోందిరా, బావకు ఒక మాట చెప్పు అని అక్క నన్ను అడిగింది. దీక్ష అయ్యేదాకా ఓపిక పట్టు అన్నాను నేను. మధ్యలో కదిలిస్తే పాపం మనకే చుట్టుకుంటుందని కూడా అన్నాను. ఈ సంగతి బావకు ఇప్పటికీ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

ఇంజెక్షన్ పనిచేసింది. మూడో రోజుకు చెయ్యి కాస్త కదిలింది, మాట నెమ్మదిగా, వంకరగా, తిరిగొచ్చింది. బావ చెంచాతో జావ పడుతున్నాడు. పడుతూ పడుతూ ఆగి, తలొంచుకుని, నువ్వు పిలిచింది నాకు వినబడిందని ఒప్పుకున్నాడు.

"తెలుసు," అంది అక్క. "నేను రెండోసారి పిలవగానే మీరు మంత్రం గట్టిగా చదవడం మొదలుపెట్టారు."

ఆ ముక్క అతను డాక్టరుకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. చెంచా గిన్నెలో పెట్టేశాడు. అక్క గొంతులో కోపమేమీ లేదు. జరిగింది జరిగినట్టు చెబుతోంది, అంతే.

"మీకు అడ్డం వస్తున్నాననుకున్నాను," అంది. "అందుకే మళ్లీ పిలవలేదు."